ముప్పై ఎనిమిదిలో పుట్టినవాళ్ళు

"పెట్టె ఉంది. పట్టీ ఉంది. గడియారం ఏదీ?"

థెల్మా అడగడం ఇది రెండోసారి. క్లారీ వంటింటి బల్ల దగ్గర కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాడు. నలభై రెండేళ్ళు రాగి కొలిమి ముందు నిలబడి వచ్చిన మనిషి. రిటైరైన ఈ మూడు వారాల్లో వంటింట్లో చెంచా కూడా తనంతట తాను తీసుకున్నది లేదు. అలాంటిది ఇవాళ ఎవరూ అడక్కుండానే బఠాణీల గిన్నె ముందేసుకుని కూర్చున్నాడు. ఆమె అనుమానం అక్కడే సగం ముదిరింది.

"షాపులో ఇచ్చానని చెప్పానుగా. పట్టీ పొడుగైంది. కాస్త తగ్గించమన్నాను."

థెల్మా పెట్టెలోంచి తోలు పట్టీ తీసి అతని ముక్కు ముందు ఊపింది.

"పట్టీ ఇంట్లోనే ఉంది క్లారీ. మరి వాళ్ళక్కడ ఏం తగ్గిస్తున్నారు? గడియారాన్నా?"

అతను ఒక కాయని అవసరానికి మించి జాగ్రత్తగా చీల్చాడు.

"టైము కూడా వెనకపడుతోంది."

"బంగారు గడియారం. మేనేజరు అంతమంది ముందు నీ చేతిలో పెట్టి, చప్పట్లు కొట్టించి ఇచ్చింది. మూడు వారాలకే వెనకపడిందా?"

"వెనకపడింది. నేనేం చెయ్యను?"

"ఏ షాపులో ఇచ్చావు?"

"ప్రింగిల్ షాపులో."

"నిన్న ఉన్ని కొనడానికి వెళ్ళినప్పుడు ప్రింగిల్‌ని అడిగాను. ఈ పోర్ట్ వారెల్ ఊళ్ళో రిటైరైన ప్రతివాడూ గడియారం తెచ్చి చూపించి మురిసిపోయాడు, మీ ఆయనే ఇంకా రాలేదు అన్నాడు."

క్లారీ ఇంకో కాయ అందుకున్నాడు. ఒలిచిన గింజలు గిన్నెలోనూ, తొక్కలు కాగితం మీదా వెయ్యాలి కదా, అతను గింజల్ని కాగితం మీద వేస్తున్నాడు. కాసేపటికి ఆ సంగతి తనే గమనించి, లేచి, పెరట్లో పావురాల గూటికేసి నడిచాడు. పెళ్ళయిన కొత్తలోనూ అంతే. జవాబు లేనప్పుడల్లా అతనికి పావురాలకు ఆకలి వేసినట్టు అనిపించేది.

"రేపు మా అన్నయ్య వస్తున్నాడు," అని థెల్మా అతని వీపుకి చెప్పింది. "ఆరేళ్ళ తర్వాత ఈ గడప తొక్కుతున్నాడు. ఫోన్లో ఇంకేమీ అడగలేదు. బావకిచ్చిన గడియారం చూడాలన్నాడంతే. వాడికి ఏం చూపించను? ఖాళీ పెట్టా?"

దోమల వల తలుపు టప్పుమని మూసుకుంది.

ఆమెకి ఉన్న తోడబుట్టినవాడు లాన్స్ ఒక్కడే. ఎప్పుడో జరిగిన సమ్మె తర్వాత రాగి కంపెనీ అతన్ని మళ్ళీ పనిలోకి తీసుకోలేదు. ఉత్తరాన చెరకు కొట్టుకుంటూ, రైలు పట్టాలు వేసుకుంటూ బతికాడు. వచ్చినప్పుడు రెండు రోజులుంటాడు, వెళ్ళేటప్పుడు ఈసారి త్వరగా వస్తానంటాడు, రాడు. ఈసారి అతన్ని పోనివ్వకూడదనీ, వెనక గదిలో మంచం వేసి ఉంచెయ్యాలనీ ఆమె మనసులో గట్టిగా అనుకుంది. క్లారీకి ఆ మాట చెప్పినప్పుడు కూడా అతను పావురాల దగ్గరికే వెళ్ళాడు.

బట్టలు ఆరెయ్యడానికి పెరట్లోకి వెళితే, కంచెకి అటువైపు మేవిస్ ట్రెంబత్ దుప్పటి పిండుతోంది. పక్కింటావిడ. మంచిదే గానీ, తెలిసిన మాట కడుపులో దాచుకోలేదు.

"మీ ఆయనకి ఫెర్రీ మీద మనసు పడిందేమిటి థెల్మా? ఈ వారంలో మా ఆయన విక్ రెండుసార్లు చూశాడట. అవతలి ఒడ్డుకి వెళుతూ."

"చేపలకి వెళ్ళుంటాడు."

"గేలం లేకుండానా?"

మేవిస్ నవ్వలేదు. నవ్వుంటే థెల్మాకి కాస్త తేలిగ్గా ఉండేది. అవతలి ఒడ్డున మెర్ల్ కోడీ ఉంటుంది. వీడ్కోలు రాత్రి క్లారీతో రెండు పాటలకి డాన్సు చేసిన విధవరాలు. రెండో పాట అయ్యాక అతని మణికట్టు పట్టుకుని గడియారం చూసి, "ఎంత బావుందో" అన్నది కూడా ఆవిడే. అప్పుడు క్లారీ చెయ్యి గబుక్కున వెనక్కి లాక్కున్నాడు. సిగ్గుపడ్డాడని అందరూ నవ్వారు. థెల్మా కూడా నవ్వింది. ఇప్పుడా నవ్వు గుర్తొస్తే ఒళ్ళు మండింది.

తడి బట్టలు బుట్టలోనే వదిలేసి టోపీ పెట్టుకుంది. గడియారం పెట్టెని పట్టీతో సహా సంచిలో వేసుకుంది. ఎందుకు వేసుకుందో ఆమెకే తెలీదు. మెర్ల్ చేతికి ఆ గడియారం కనబడితే పట్టీ కూడా విసిరి కొట్టాలని కాబోలు.

*

ఫెర్రీ దిగీ దిగగానే చేపల దుకాణం, దాని పక్కన బీరు హోటలు, ఆ పక్కన ఇరుకు గుమ్మం ఉన్న చిన్న కొట్టు. కిటికీ అద్దం వెనక గోడ గడియారాలు తలొక టైమూ చూపిస్తున్నాయి. మెర్ల్ ఇంటికి వెళ్ళాలంటే ఈ కొట్టు దాటాలి. థెల్మా దాటబోయి ఆగింది.

ఇంటి పక్కనే ప్రింగిల్ ఉండగా నీళ్ళు దాటి ఇక్కడికెందుకు వస్తాడు?

వచ్చాడో లేదో అడిగితే పోయేదేముందని లోపలికి వెళ్ళింది. కొట్టు యజమాని వాలెంటా యుద్ధం తర్వాత ఓడెక్కి వచ్చిన మనిషి. కంటికి భూతద్దం బిగించుకుని ఉన్నాడు. క్లారీ పాస్కో భార్యనని ఆమె చెప్పగానే ఆ అద్దం తీసేశాడు.

"పాస్కోగారి భార్యా? మీరు రావడమే మంచిదైందమ్మా. నాకు ఆయనతో ఎలా చెప్పాలో తోచలేదు."

"ఏం చెప్పాలి?"

"వెనక మూత మీద చెక్కినది చెరిపెయ్యమన్నారు. తప్పు పడిందట. చెరపడం పెద్ద పనేం కాదు, అరగదీసి మెరుగుపెడితే పోతుంది. కానీ మూత పల్చబడిపోతుంది. ఇంకోసారి ఆలోచించుకోండన్నాను. మీ పని మీరు చెయ్యండని కోపంగా వెళ్ళిపోయారు."

"తప్పు పడిందా? పేరు తప్పుగా చెక్కారా?"

"నేను చదివితే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మీరే చూడండి."

సంచిలోంచి పట్టీ తీసి చూపించింది. అతను దాన్ని గడియారం పక్కన పెట్టి చూసుకుని, నమ్మకం కుదిరాక గడియారాన్ని గుడ్డ ముక్క మీద బోర్లించి ఆమె ముందుకి జరిపాడు.

కంపెనీ గుర్తు. కింద క్లారెన్స్ పాస్కో అని పేరు, అక్షరం పొల్లు పోలేదు. ఇంకా కింద 1923 – 1965.

థెల్మాకి మొదట ఏ తప్పూ కనబడలేదు. పందొమ్మిది వందల ఇరవై మూడులోనే అతను పనిలో చేరాడు. ఈ ఏడాదే మానేశాడు. సరిగ్గానే ఉంది కదా అనుకుంది. అలా అనుకుంటూండగానే విక్ ట్రెంబత్ గడియారం గుర్తొచ్చింది. క్లారీ కంటే ఏడాది ముందు చేరినవాడు విక్. అతని గడియారం వెనక 1938 – 1964 అని ఉంటుంది.

అందరివీ అంతే. ముప్పై ఎనిమిది చలికాలంలో ఊరంతా సమ్మె చేసింది. సమ్మె విరిగి మళ్ళీ లోపలికి వెళ్ళిన రోజు నుంచే కంపెనీ వాళ్ళ సర్వీసు లెక్కకట్టింది. వెనకటి ఏళ్ళు తుడిచేసింది. గడియారం పుచ్చుకున్న ప్రతివాడూ హోటల్లో దాన్ని బోర్లించి చూపించి, "మేమంతా ముప్పై ఎనిమిదిలో పుట్టినవాళ్ళం, చిన్న వయసులోనే రిటైరైపోయాం" అని నవ్వుతాడు. ఈ ఊళ్ళో ఆ అంకె చూపించడం మగతనం కింద లెక్క.

వెనకటి ఏళ్ళు తుడిచిపెట్టకుండా మిగిలాయంటే, ఆ మనిషి సమ్మెలో లేడని. గేటు లోపల పని చేస్తూ ఉన్నాడని. 'లోపలివాళ్ళు' అన్న మాటని పోర్ట్ వారెల్లో ఇప్పటికీ పిల్లల ముందు పలకరు.

"అమ్మా, కూర్చుంటారా?" అన్నాడు వాలెంటా.

"అక్కర్లేదు."

"తప్పు ఏదో తెలిసిందా?"

"తెలిసింది."

"మీరు ఊఁ అంటే అరగంటలో చెరిపేసి ఇస్తాను. బయట బెంచీ మీద కూర్చోండి."

ఊఁ అన్న మాట గొంతు దాకా వచ్చింది. రేపు అన్నయ్య వస్తాడు. నున్నటి మూత చూస్తాడు. ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. కానీ ఆ అక్షరాలు చెరిగిపోతే ఇంక క్లారీని అడగడానికి ఆమె చేతిలో ఏముంటుంది? పావురాల దగ్గరికి వెళ్ళిపోతాడు, అంతే.

"వద్దు. ఇలాగే ఇవ్వండి."

మెర్ల్ ఇంటి వైపు చూడను కూడా చూడకుండా ఫెర్రీ ఎక్కింది. పొద్దున్న బయల్దేరినప్పుడు మొగుడు ఇంకో ఆడదాని దగ్గర దొరికిపోతాడేమోనని భయపడింది. ఇప్పుడు అదే అయితే బావుండేదని అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

*

క్లారీ లోపలికి వచ్చేసరికి గడియారం పట్టీతో సహా వంటింటి బల్ల మీద ఉంది, బోర్లా.

అతను గుమ్మంలోనే ఆగిపోయాడు.

"చదివావా?"

"ఆవుకి ఏ పక్కన కూర్చుని పాలు పితుకుతారు క్లారీ?"

"ఏమిటి?"

"ఆ చలికాలమంతా మీ పెదనాన్న కొడుకు ఆర్థర్ పాలకొట్టంలో పనిచేశానన్నావు కదా. కొండల్లో. రోజుకి అన్నేసి ఆవులు పితికాననీ, వేళ్ళు వాచిపోయాయనీ చెప్పావు. ఏ పక్కన కూర్చునేవాడివి?"

అతను కుర్చీ లాక్కుని కూలబడ్డాడు.

"నీ చొక్కా నేనే ఉతికాను," అంది థెల్మా. "అన్నీ చిన్న చిన్న కన్నాలు. నిప్పురవ్వలు పడ్డ కన్నాలు. అడిగితే, కొట్టం చుట్టూ తుప్పలు కాల్చామన్నావు. నేను నమ్మాను. కూర్చుని ఒక్కొక్క కన్నమే కుట్టాను."

"మొదట మంట ఆరిపోకుండా చూడ్డానికే రమ్మన్నారు థెల్. కొలిమి చల్లారితే లోపలి రాగి గడ్డకడుతుంది, ఇంక ఎప్పటికీ తెరవం, ఊరే పోతుందన్నారు. నిజమే అది. నీకు తెలుసు. రెండు వారాలయ్యాక రాగి కరిగించి పోత కూడా పొయ్యమన్నారు. అప్పటికి బయటికి రావడానికి మొహం చెల్లలేదు."

"ఊరి కోసం వెళ్ళావన్నమాట."

"కాదు. భయమేసింది. కడుపులో పిల్ల, నువ్వు. పని పోతే ఎలాగని భయమేసింది. లాన్స్‌కి భయం లేదు. నాకు ఉంది. అంతే."

ఆ చలికాలం తర్వాత ఇరవై ఏడేళ్ళు పక్కలో పడుకున్న మనిషి మొదటిసారి నిజం చెప్పినట్టుంది. అది వినడానికి ఇంత చేదుగా ఉంటుందని ఆమె అనుకోలేదు.

"గడియారం పుచ్చుకునేటప్పుడైనా వద్దనకపోయావా?"

"పెట్టె మూసి ఇచ్చారు. ఏం చెక్కారో పెట్టె తీసి చేతికి కట్టుకునేటప్పుడు గానీ తెలీలేదు."

"రేపు అన్నయ్యకి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"చెబితే మళ్ళీ ఈ గడప తొక్కడు."

అది ఆమెకి తెలియని సంగతి కాదు. అటకమీద నుంచి దింపి, ఎండలో వేసి, వెనక గదిలో పరిచిన పరుపు ఆమె కళ్ళముందు మెదిలింది.

తర్వాత థెల్మా గడియారం తీసింది. అతని మణికట్టు తన వైపు లాక్కుని, మొహం పైకి ఉండేలా తనే కట్టింది. పట్టీ ఇంకో కన్నం లోపలికి బిగించింది.

"తియ్యకు," అంది.

*

లాన్స్ టోపీ కొక్కేనికి తగిలించి, చెల్లెలి నుదుటి మీద ముద్దు పెట్టి, నేరుగా బల్ల దగ్గరికి వచ్చాడు. మనిషి సన్నబడ్డాడు. చేతులు మాత్రం కొడవలి పట్టి పట్టి ఇంకా కాయలుకట్టే ఉన్నాయి.

"వేపుడు వాసన ఫెర్రీ రేవు దాకా వస్తోంది థెల్లీ. పుదీనా పచ్చడి చేశావా?"

"నువ్వొస్తే చెయ్యకుండా ఉంటానా?"

గొర్రెమాంసం వేపుడు, బంగాళాదుంపలు, క్లారీ ఒలిచిన బఠాణీలు. లాన్స్ రెండు ముక్కలు తిని, ఫోర్కు పక్కన పెట్టాడు.

"ఏదీ బావా, కంపెనీ కట్నం? పుట్టినరోజు బహుమతి చూద్దాం."

క్లారీ చెయ్యి చాపాడు. లాన్స్ వంగి చూశాడు.

"బావుంది. తీసి ఇవ్వు, బరువు చూస్తాను."

"తిండి చల్లారిపోతోంది అన్నయ్యా," అంది థెల్మా. "ముందు తిను. గడియారం ఎక్కడికీ పోదు."

"తింటాలే. ఇవ్వు బావా."

"పట్టీ బిగుసుకుపోయింది. తీస్తే మళ్ళీ కట్టుకోవడం కష్టం. ఇంకో రెండు బంగాళాదుంపలు వెయ్యనా?" అంది థెల్మా, గిన్నె అందుకుని.

లాన్స్ బంగాళాదుంపల గిన్నె వైపు చూడలేదు. చెల్లెలి వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

క్లారీ పట్టీ విప్పి గడియారం అతని చేతిలో పెట్టాడు. లాన్స్ దాన్ని అరచేతిలో పెట్టుకుని పైకీ కిందకీ ఆడించాడు. తిప్పలేదు. మొహం పైకి ఉండగానే ఉప్పు బుడ్డి పక్కన పెట్టాడు.

"వెనక్కి తిప్పక్కర్లేదు. అక్కడేముందో నాకు తెలుసు."

లాన్స్ ఫోర్కుని పళ్ళెం అంచున సర్దాడు.

"సమ్మెలో గేటు దగ్గర కాపలా అందరూ కాశారు. ఒకరోజు తెల్లారగట్ల నన్ను రేవు వైపు చూసి రమ్మన్నారు. చిన్న పడవలో పదిమంది దాకా లోపలికి వెళుతున్నారు, దుప్పట్లు కప్పుకుని. దిగేటప్పుడు ఒకడి దుప్పటి జారింది." క్లారీ వైపు చూడకుండా చెప్పాడు. "ఆ పేరు నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే ఈ ఇంటి కిటికీలు మిగిలేవి కావు. లోపల నా చెల్లెలు నిండు నెలల మనిషి."

"లాన్స్..." అన్నాడు క్లారీ.

"నీ సంగతి ఎప్పుడో అయిపోయింది బావా. నీ మీద కోపం చెరకు తోటల్లోనే కొట్టిపారేశాను. నేను వచ్చింది నీకోసం కాదు." చెల్లెలి వైపు తిరిగాడు. "నీకెప్పట్నుంచి తెలుసు థెల్లీ?"

"నిన్నటి నుంచి."

తన నోట్లోంచి వచ్చిన ఆ మాట తనకే అబద్ధంలా వినిపించింది. లాన్స్ తలాడించాడు, ఇలాంటిదేదో వినడానికే వచ్చినట్టు.

"నిన్నటి నుంచి. ఇందాక తిండి చల్లారిపోతోందన్నది కూడా నిన్నటి నుంచి తెలిసే."

"ఆమెకి తెలీదు," అన్నాడు క్లారీ. "ఒట్టు. నేనెప్పుడూ చెప్పలేదు."

"నువ్వు ఒట్టేస్తే నేను నమ్మాలా?"

క్లారీ తల దించుకున్నాడు. ఆమె పక్షాన సాక్ష్యం చెప్పగలిగినవాడు ప్రపంచంలో అతనొక్కడే, అతని మాటకి విలువ లేదు.

"నన్ను ఇన్నేళ్ళూ ఈ ఊళ్ళో ఉండనివ్వనిది ఒక్కటే," అన్నాడు లాన్స్. గొంతు పెంచలేదు. "ఆ చలికాలం నువ్వు రోజూ యూనియన్ హాలుకి రొట్టెలు పంపేదానివి. వేడివేడిగా, గుడ్డలో చుట్టి. ఎవరింట్లోనూ గుప్పెడు పిండి లేదు, థెల్మా చెయ్యి ఎంత పెద్దదో అనేవాళ్ళు. నేనూ తిన్నాను. ఆ పిండి ఎవరి జీతంతో వచ్చిందో నాకు తెలుసు. తెలిసీ తిన్నాను, ఆకలి మరి. నాకు తెలియనిది ఒక్కటే."

ఆ రొట్టెలు. జీవితంలో తను చేసిన మంచి పని ఏదని ఎవరైనా అడిగితే థెల్మా చెప్పుకునేది అదొక్కటే. పాలకొట్టం జీతంతో కొన్న పిండి అనుకుని, కడుపుతో ఉండి కూడా తెల్లవారకముందే లేచి పిండి పిసికేది.

"ఏమీ తెలియక పెట్టావా," అన్నాడు లాన్స్, "తెలిసి, తప్పు కడుక్కోవడానికి పెట్టావా?"

"నాకు తెలీదు అన్నయ్యా."

నిజమే చెప్పింది. కానీ ఆ మాట, పట్టీ తగ్గించమన్నానని నిన్న పొద్దున క్లారీ చెప్పిన గొంతుతోనే వచ్చింది. లాన్స్‌కి కూడా అలాగే వినిపించిందని అతని మొహం చూస్తే తెలిసిపోయింది.

లాన్స్ లేచి కొక్కెం మీంచి టోపీ తీసుకున్నాడు. నెత్తిన పెట్టుకోలేదు. దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని, వల తలుపు దగ్గర వీధి వైపు తిరిగి నిలబడ్డాడు. వెళ్ళడానికి నిలబడ్డాడో, ఆమె ఇంకో మాట చెబుతుందని నిలబడ్డాడో తెలీదు. చెప్పడానికి ఆమె దగ్గర ఇంకో నిజం లేదు.